దగ్గు కొయ్యకు

హన్మకొండ చౌరస్తాల, ఫ్లెక్సీల దుకాణం మీద
రెండో అంతస్తు నా స్టూడియో.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పాత పరుపు.
రికార్డింగ్ మొదలైతే ఫ్యాన్ బంద్.
చెమట గూడ సప్పుడు చెయ్యకుంట కారాలె.

ఝాన్సీ మొదటి ఆల్బమ్ గిక్కడనే చేసింది.
అప్పుడు బీఫార్మసీ మూడో ఏడు,
ఒక తీగ తెగిన గిటారు,
నా నోటుబుక్కుల ఆమె పేరు మీద బాకీ.
ఎనిమిది పాటలు.
అండ్ల ఒక్కటి, గా బస్సు పాట,
ఆటోలల్ల, జిమ్ములల్ల, బరాత్‌లల్ల,
ఆఖరికి నిమజ్జనంల గూడ మోగింది.
బాకీ తీరింది. నాకు కొత్త మైకు వచ్చింది.
ఆమెకు నిద్ర పోయింది.

రెండో ఆల్బమంటే
ఇంకా రాయకముందే అందరికీ తెలిసిన పాట.
హైదరాబాద్ కంపెనీ పిలగాడు ఫోన్ చేస్తడు:
"బస్సు పాట అసొంటిది ఇంకోటి పడాలె అక్కా."
కింద చాయ్ హోటల్ సమ్మన్న అడుగుతడు:
"మల్ల ఎప్పుడెక్కిస్తవ్ బిడ్డా, బస్సు?"
ఆమె నవ్వుతది.
నవ్వి, పైకొచ్చి, అద్దం తలుపు ఏసుకొని
గంటసేపు ఒక్క ముక్క పాడదు.
నేను ఆ గంటను గూడ రికార్డు చేసిన.
మీటర్ల ఆకుపచ్చ గీత
కంచె మీది తొండ లెక్క తల ఊపింది, గంతే.

తొమ్మిది పల్లవులు చింపింది.
ఒకటి నాకు మస్తు నచ్చింది.
"నచ్చిందా యాకూబన్నా? అయితే అది పాతదే"
అని దాన్ని గూడ చింపింది.

ఫిబ్రవరిల మిర్చి సీజన్.
ఎనుమాముల యార్డుల ఎర్ర బస్తాల గుట్టలు.
వాళ్ల నాయిన లస్మయ్య ఆడ హమాలి,
ముప్పై ఏండ్ల సంది మెడ మీద ఘాటు.
ఆయన ఇంటికొస్తే
తలుపు సప్పుడు కంటె ముందు పిల్లి తుమ్ముతది.
అంగీ దులిపితే వాడకట్టంత దగ్గు.
చిన్నపిల్ల ఉరికొచ్చి చేతులు చాపితే
కండ్లు మండుతయని ఆయన ఎనక్కి జరిగేది.
"కడుక్కొని వస్త బిడ్డా."
కడుక్కొని వచ్చేసరికి బిడ్డ పండుకునేది.

గీ సంగతి ఆమె నాకెన్నడు చెప్పలె.
పాట చెప్పింది.
ఓ రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నం,
గిటారు పక్కకు పెట్టి
ఒట్టి గొంతుతోని మొదలువెట్టింది.
పల్లవి లేదు, చరణం లేదు.
కడుక్కొని వస్త, కడుక్కొని వస్త,
గదే మాట, ఒక్కోసారి ఒక్కో దూరం నుంచి.
గొంతు పైకి ఎక్కాల్సిన కాడ
దగ్గు వచ్చింది.
పొద్దుగాల యార్డుకు పోయి
నాయినకు సద్ది ఇచ్చి వచ్చిందట.
రెండు పొడి దగ్గులు.
ఆమె ఆగలె. వాగు దాటినట్టు
దగ్గు దాటి పాట అవతలికి పోయింది.

నా పనే కోసుడు.
పెండ్లి వీడియోలల్ల ముక్కు చీదుడు,
భజన పాటలల్ల ఎగశ్వాస,
లీడర్ల ఉపన్యాసాలల్ల మతిమరుపు,
ఎన్ని కోసిన్నో లెక్క లేదు.
అలవాటుగ మౌసు మీద వేలు పోయింది.
"దగ్గు కొయ్యకన్నా."
"కంపెనీ ఏమంటది?"
"బస్సు కాదంటది."

తెల్లారి మల్ల పద్నాలుగుసార్లు పాడిచ్చిన.
పద్నాలుగు శుభ్రంగున్నయి,
దవాఖాన మంచం మీది దుప్పటి లెక్క.
ఫైలుకు "ఝాన్సీ రెండు ఫైనల్ ఫైనల్" అని పేరు పెట్టి
ఆరో పాట కాడ దగ్గుదే పెట్టిన.

జూన్‌ల, విడుదలకు ముందు రోజు,
లస్మయ్యను తోల్కొచ్చింది.
తలకు నూనె, ఉతికిన తెల్లంగి, సబ్బు వాసన.
మెట్ల మీద చెప్పులిడిచి
గుర్చీ అంచున కూసున్నడు.
హెడ్‌ఫోన్ పెడితే టోపీ అనుకొని సదురుకున్నడు.
ఐదు పాటలు కదలకుంట విన్నడు.
బాగుందనలె, బాగలేదనలె.
ఆరో పాటల దగ్గు కాడ
దబ్బున హెడ్‌ఫోన్ పీకేసి
ఇటు అటు దేవులాడి,
"అరె, పిల్లకు నీళ్లియ్యిర్రి" అన్నడు.

ఝాన్సీ ఆయన పక్కనే కూసున్నది.
దగ్గు పోయి నాలుగు నెలలైంది.
నా సీసా అందుకొని, మూత తీసి,
ఆయన చూస్తుండంగ
గడగడ తాగింది.